హలో... మాకేం వద్దండీ!

ఉదయం తొమ్మిదిన్నర. విజయవాడలో ఓ విశ్రాంత ఉపాధ్యాయుడి ఇల్లు. మాస్టారు అప్పుడే టిఫిన్‌కి కూర్చున్నారు. ఫోను మోగింది.

'గుడ్ మార్నింగ్ సార్. మీకు ఐదు లక్షల వరకూ పర్సనల్ లోన్ మంజూరైంది సార్...'

'నేనెవర్నీ అడగలేదమ్మా.'

'అడక్కపోయినా ఇస్తున్నాం సార్!'

ఇడ్లీ చల్లారిపోయింది. పదకొండింటికి ఇంకో ఫోను. ఈసారి ప్లాటు. 'హైవే పక్కనే సార్. ఆదివారం కారు పంపిస్తాం. మేడమ్‌గారిని కూడా తీసుకుని రండి'. మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి క్రెడిట్ కార్డు. సాయంత్రం వాకింగ్‌లో ఉండగా ఆరోగ్య బీమా. రెండు వారాలు ఓపిక పట్టారు మాస్టారు. ఆ తరవాత ఓ నిర్ణయానికొచ్చారు. తెరమీద తెలిసిన పేరు కనిపిస్తేనే ఎత్తాలి. ఉత్త నంబరు కనిపిస్తే మోగీ మోగీ ఆగిపోవాల్సిందే!

ఆ నిర్ణయం మూడోరోజునే బెడిసికొట్టింది. ఆయన భార్యకి కంటి ఆపరేషన్ చేయించాలి. తేదీ కోసం నెల రోజులుగా ఎదురుచూస్తున్నారు. 'రేపు ఒకరు రావడంలేదు, మీరొస్తారా' అని అడగడానికి ఆస్పత్రి నుంచి రెండుసార్లు ఫోను చేశారు. మాస్టారు ఎత్తలేదు. మూడోసారి వాళ్లు చెయ్యలేదు. ఆ తేదీ మరొకరికి వెళ్లిపోయింది. 'తెలియని నంబరు కదా... మళ్లీ లోనేమో అనుకున్నా' అన్నారాయన నొచ్చుకుంటూ. 'పోనీలెండి' అంది ఆవిడ. అంతకన్నా ఏం అంటుంది!

ఊరు మారొచ్చు, ఉద్యోగం మారొచ్చు. ఈ కథ మాత్రం ఇంటింటిదీ. పిల్లల స్కూలు నుంచి వచ్చిన ఫోనూ, కొరియర్ కుర్రాడి ఫోనూ, ఇంటర్వ్యూకి రమ్మన్న ఫోనూ... అన్నీ ఆ 'లోన్ కావాలా' ఫోన్ల గుంపులో కలిసి కొట్టుకుపోతున్నాయి. అక్కర్లేని పిలుపులు చేసే అసలు నష్టం చిరాకు కాదు. అవసరమైన పిలుపుని కూడా నమ్మలేకుండా చెయ్యడం.

మరి వీటిని ఆపే దారే లేదా? ఉంది. కాకపోతే చాలామంది ఆ దారిలో సగం దూరం వెళ్లి ఆగిపోతున్నారు.

రింగు... బిల్లు మనకే!

సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో ఇలాంటి బెడద లేదు. ఉండే అవకాశమూ లేదు. అప్పట్లో ఫోను చేసినవారితోపాటు ఎత్తినవారికీ బిల్లు పడేది. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. జనం పండగ చేసుకున్నారు. కూరగాయల బండి దగ్గర్నుంచి కాలేజీ కుర్రాడి జేబు దాకా సెల్ చేరింది. కాల్ ఛార్జీలు పైసల్లోకి దిగాయి. సరిగ్గా అదే సమయంలో బ్యాంకులు క్రెడిట్ కార్డులూ వ్యక్తిగత రుణాల కోసం ఖాతాదారుల వేటలో పడ్డాయి. గుమ్మం గుమ్మానికీ ఓ ఏజెంటుని తిప్పేకన్నా, ఓ గదిలో పాతిక మందిని కూర్చోబెట్టి ఫోన్లు చేయిస్తే ఎంత చవక!

ఇంకేముంది, ఫోన్ల వరద మొదలైంది. మీటింగులో ఉన్నా, శ్మశానంలో ఉన్నా ఒకటే మాట... 'సార్, క్రెడిట్ కార్డు ఫ్రీ!' వేరే రాష్ట్రానికి వెళ్లినవారి బాధ ఇంకా ఎక్కువ. రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌కీ ఛార్జీ పడేది. అంటే అక్కర్లేని కార్డు గురించి వినడానికి సొంత డబ్బు చెల్లించాలన్నమాట.

2005లో ఈ గొడవ సుప్రీంకోర్టుకి చేరింది. అడగని ఫోన్లు చేసి వేధించడం వ్యక్తిగత గోప్యతకు భంగం కలిగించడమేనంటూ ఓ న్యాయవాది ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అప్పటికే అమెరికాలో ఓ ప్రయోగం జరిగి ఉంది. అక్కడ 2003లో ప్రభుత్వం 'మాకు ఫోన్ చెయ్యొద్దు' అనేవారి కోసం ఓ జాతీయ జాబితా తెరిచింది. వారం తిరక్కుండానే కోటికి పైగా నంబర్లు అందులో చేరాయి. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లు ఇక్కడి బంధువులతో 'మాకా బాధ తప్పిందిలే' అని గొప్పగా చెప్పుకునేవారు. ఇంటర్నెట్ ద్వారా వేల ఫోన్లు ఒక్కసారే చేసే యంత్రాలు వచ్చాక వాళ్ల ముచ్చటా తీరిపోయిందనుకోండి!

ఆ బాటలోనే మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007 జూన్‌లో నిబంధనలు తెచ్చింది. అదే ఏడాది 'నేషనల్ డు నాట్ కాల్ రిజిస్ట్రీ' మొదలైంది. జనం నోట అది 'డీఎన్‌డీ' అయింది. 1909 అనే నంబరుకి ఫోనో ఎస్సెమ్మెస్సో చేస్తే చాలు, పేరు నమోదైపోతుంది. టెలిమార్కెటింగ్ కంపెనీలన్నీ టెలికాం శాఖ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. ఫోన్లు చేసేముందు తమ నంబర్ల పట్టీని ఈ జాబితాతో సరిచూసుకుని, అందులో ఉన్నవాటిని తీసెయ్యాలి. తప్పు చేస్తే మొదటిసారి రూ.500, ఆ తరవాత ఒక్కో ఫోనుకీ రూ.1000.

కాగితం మీద చక్కగా ఉంది. చిక్కల్లా రెండుచోట్ల. నమోదు చేసుకున్నాక అది అమల్లోకి రావడానికి 45 రోజులు పట్టేది. అదైనా భరించొచ్చు. రెండోదే అసలు చిక్కు. రిజిస్టర్ చేసుకున్న కంపెనీలు జాబితాని చూస్తాయి. చేసుకోనివాళ్లు? వాళ్లు ఏ జాబితానీ చూడరు!

మంత్రిగారికీ తప్పలేదు

2010 ఆగస్టు. దిల్లీలో అప్పటి ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ ప్రతిపక్ష నేతలతో గంభీరమైన చర్చలో ఉన్నారు. ఆయన ఫోను మోగింది. ముఖ్యమైన పిలుపేమోనని అందుకున్నారు. అవతలివారు అడిగింది... గృహ రుణం కావాలా అని! దేశం ఖజానా తాళం చేతిలో ఉన్న మనిషికే అప్పు ఇస్తామన్నారన్నమాట. పత్రికలన్నీ ఈ వార్తని కథలు కథలుగా రాశాయి. టెలికాం శాఖ కదిలింది.

ఆ ఏడాది డిసెంబరులోనే ట్రాయ్ కొత్త నిబంధనలు ప్రకటించింది. వాయిదాల మీద వాయిదాలు పడి 2011 సెప్టెంబరు 27న అవి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. టెలిమార్కెటింగ్ కాల్స్‌కి 140తో మొదలయ్యే ప్రత్యేక నంబర్లు వచ్చాయి. నంబరు చూడగానే విషయం తెలిసిపోవాలని. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం తొమ్మిది వరకూ ప్రచార పిలుపులూ సందేశాలూ నిషిద్ధం. అన్నీ వద్దనుకుంటే అన్నీ, కొన్నే వద్దనుకుంటే కొన్నే ఆపుకునే వీలు కల్పించారు. బ్యాంకింగ్, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం, వినియోగ వస్తువులు, వినోదం, పర్యాటకం... ఇలా ఏడు విభాగాలు. తరవాతి రోజుల్లో ఆహార పానీయాలు ఎనిమిదోదిగా చేరాయి. జరిమానాలూ పెరిగాయి. తొలి తప్పుకే రూ.25 వేలు.

అప్పటి మరో తమాషా గుర్తుందా? ఒక సిమ్ నుంచి రోజుకి వంద ఎస్సెమ్మెస్‌లే పంపాలన్నారు. సంక్రాంతికీ దీపావళికీ శుభాకాంక్షలు పంపే కుర్రకారు గగ్గోలు పెట్టారు. కొన్ని వారాలకే ఆ పరిమితిని రెండొందలు చేశారు. మోసగాణ్ని పట్టుకోబోతే పెళ్లి శుభలేఖ పంచేవాడు దొరికినట్టయింది!

అసలువాళ్లు మాత్రం వేరే దారి వెతుక్కున్నారు. 140 కనిపిస్తే జనం ఎత్తడంలేదని అర్థమైంది. దాంతో మామూలు పదంకెల సెల్ నంబర్లు కొని వాటినుంచి చెయ్యడం మొదలుపెట్టారు. అది ప్లాట్ల కంపెనీయో, పక్కవీధి బాబాయ్ కొత్త నంబరో ఎత్తితేగానీ తెలీదు. ఆ తరవాత ట్రాయ్ చేస్తున్న పోరాటం చాలావరకు వీళ్లతోనే.

నంబరు ఇచ్చిందెవరు?

'అమ్మా, నా నంబరు నీకెవరిచ్చారు?' ఓరోజు లోన్ ఫోను చేసిన అమ్మాయిని మాస్టారు సూటిగా అడిగారు.

'సిస్టమ్‌లో వచ్చింది సార్' అందా అమ్మాయి.

సిస్టమ్‌లోకి ఎలా వచ్చింది? చాలాసార్లు ఇచ్చింది మనమే. వస్త్ర దుకాణంలో బిల్లు వేసేటప్పుడు 'ఫోన్ నంబర్ చెప్పండి సార్' అంటారు. వెనకాల వరసలో జనం ఉంటారు. మొహమాటపడి చెప్పేస్తాం. షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర కారు బొమ్మ ఉన్న పెట్టె కనిపిస్తుంది. చీటీమీద పేరూ, నంబరూ, నెల జీతమూ రాసి వేస్తాం. కారు రాదు, ఫోన్లు మాత్రం వస్తాయి. ఎగ్జిబిషన్‌లో ప్లాట్ల స్టాల్ దగ్గర 'ఊరికే బ్రోచర్ కోసం' నంబరిస్తాం. ఇంటర్నెట్‌లో 'మీకెంత లోన్ వస్తుందో చూసుకోండి' అంటే సరదాగా నొక్కుతాం. కింద చిన్న అక్షరాల్లో 'మేమూ మా భాగస్వాములూ మిమ్మల్ని సంప్రదించడానికి అంగీకరిస్తున్నారు' అని ఉంటుంది. దాని పక్కన టిక్కు అప్పటికే పెట్టి ఉంటుంది!

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. డీఎన్‌డీలో పేరున్నా సరే, ఫలానా సంస్థకి మనమే సమ్మతి తెలిపి ఉంటే ఆ సంస్థ ఫోను చెయ్యొచ్చు. 'డీఎన్‌డీ పెట్టుకున్నా వస్తున్నాయి' అని వాపోయేవారిలో కొందరి ఇంట్లో ఆ దొడ్డి తలుపు తెరిచే ఉంటుంది. పైగా ఎప్పుడో ఏ కాగితం మీదో పెట్టిన సంతకాన్ని 'సమ్మతి' అని చూపించే సంస్థలూ ఉన్నాయి. అందుకే సమ్మతులన్నీ డిజిటల్ రూపంలో నమోదయ్యేలా, కావాలంటే వినియోగదారుడే చూసి రద్దు చేసుకునేలా చెయ్యడానికి రిజర్వు బ్యాంకుతో కలిసి ట్రాయ్ 2025లో కొన్ని బ్యాంకులతో ఓ ప్రయోగం మొదలుపెట్టింది.

బిల్లు కోసం ఫోన్ నంబరు ఇచ్చితీరాలని దుకాణదారులు పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే సూచించింది. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఒక పనికోసం తీసుకున్న సమాచారాన్ని మన అనుమతి లేకుండా మరో పనికి వాడకూడదన్నది ఆ చట్టం సారాంశం. సమాచారాన్ని కాపాడటంలో విఫలమైన సంస్థకి రూ.250 కోట్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. సంస్థలు సర్దుకోవడానికి గడువిస్తూ దీన్ని దశలవారీగా అమల్లోకి తెస్తున్నారు. ఈలోగా సొంత చట్టం ఒకటి చేసుకోవచ్చు. 'నంబరు అక్కర్లేదు, బిల్లు కాగితమ్మీదే ఇవ్వండి' అనడం నేరం కాదు, నామోషీ అంతకన్నా కాదు!

అవతల ఉన్నదీ మనింటి పిల్లే

ఫోను ఎత్తగానే తిట్టేవాళ్లుంటారు. కోపం వస్తుంది, నిజమే. కానీ అవతలివైపు ఎవరున్నారు? హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఓ ఇరుకు గది. వరసగా కంప్యూటర్లు. తలకి హెడ్‌సెట్ తగిలించుకున్న పిల్లలు. డిగ్రీ అయి, మంచి ఉద్యోగం దొరికేదాకా హాస్టల్ ఖర్చులకైనా వస్తాయని చేరినవాళ్లు ఎక్కువ. నంబరు వాళ్లు నొక్కరు. కంప్యూటరే ఒకదాని తరవాత ఒకటి డయల్ చేస్తుంది, ఎవరైనా 'హలో' అంటే లైను కలుపుతుంది. ఎదురుగా తెరమీద మాట్లాడాల్సిన మాటలు. రోజుకిన్ని ఫోన్లనీ, నెలకిన్ని 'లీడ్స్' అనీ టార్గెట్. అవి దాటితేనే ఇన్సెంటివ్.

కొన్నిసార్లు ఫోను ఎత్తితే అవతల ఎవరూ పలకరు. దయ్యం కాదది! యంత్రం ఒకేసారి నలుగురికి డయల్ చేసి, ముందు ఎత్తినవారికి ఖాళీగా ఉన్న ఉద్యోగిని కలిపేస్తుంది. మిగిలినవారికి నిశ్శబ్దం మిగులుతుంది.

కాబట్టి ఆ పిల్లని తిట్టి లాభంలేదు. తిట్టు ఆ పిల్లకి తగులుతుంది, కంపెనీకి తగలదు. వాదించీ లాభంలేదు. మాట్లాడేకొద్దీ 'ఈ నంబరు ఎత్తుతారు, మాట్లాడతారు' అని అక్కడ గుర్తు పెట్టుకుంటారు. 'వద్దమ్మా' అని ఒక్కమాట చెప్పి పెట్టెయ్యడం మేలు. కంపెనీకి తగిలే దెబ్బ వేరే ఉంది.

తోకలో ఏముంది?

ఆ దెబ్బ గురించి తెలుసుకునేముందు, వచ్చిన ఫోనో సందేశమో ఎవరిదో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. 2018 జులైలో ట్రాయ్ మూడో తరం నిబంధనలు తెచ్చింది. సందేశాలు పంపే ప్రతి సంస్థా తన పేరునీ, పంపే సందేశం నమూనానీ ముందే నమోదు చేసుకోవాలి. ఎవరూ చెరపలేని, మార్చలేని బ్లాక్‌చెయిన్ తరహా పుస్తకంలో అవి ఉంటాయి. నమూనాకి సరిపోలని సందేశం దారిలోనే ఆగిపోతుంది.

ఆ తనిఖీ 2021 మార్చి 8న మొదలైంది. మొదలైనరోజే దేశం గిలగిల్లాడింది. ప్రచార సందేశాలు సరే, బ్యాంకుల ఓటీపీలు కూడా ఆగిపోయాయి! చాలా సంస్థలు తమ నమూనాలు నమోదు చెయ్యకపోవడమే కారణం. డబ్బు పంపలేక, టికెట్ కొనలేక జనం అవస్థపడ్డారు. మర్నాడే ట్రాయ్ ఆ తనిఖీని వారంపాటు నిలిపేసింది. లోపాలు సర్దుకున్నాక మళ్లీ పట్టాలెక్కించారు.

2025 మే నుంచి ఎస్సెమ్మెస్‌లకి తోక కూడా వచ్చింది. పంపినవారి పేరు చివర ఓ గీత, ఆ తరవాత ఒక ఇంగ్లిషు అక్షరం కనిపిస్తాయి. 'పీ' అంటే ప్రచారం. 'ఎస్' అంటే సేవకు సంబంధించిన సమాచారం. 'టీ' అంటే ఓటీపీ, ఖాతాలో డబ్బు జమ లాంటి లావాదేవీ. 'జీ' అంటే ప్రభుత్వం. బ్యాంకు పేరుతో ఖాతా ఆగిపోతుందంటూ ఓ సందేశం పదంకెల సెల్ నంబరు నుంచి వచ్చిందా? అనుమానించాల్సిందే.

ఫోన్లకీ ఇలాంటి గుర్తులున్నాయి. 140తో మొదలైతే ప్రచారం. బ్యాంకులూ బీమా సంస్థలూ తమ ఖాతాదారులకి సేవల గురించి చెప్పడానికి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ రెండు అంకెలూ ఓ చీటీమీద రాసి ఫోను పక్కన అంటించడం మంచిది.

బ్లాక్ చేస్తే మనకే... ఫిర్యాదు చేస్తే అందరికీ

చిరాకు ఫోను రాగానే చాలామంది చేసే పని ఆ నంబరుని 'బ్లాక్' చెయ్యడం. మాస్టారి మనవడూ తాతయ్యకి అదే నేర్పాడు. నెల తిరిగేసరికి ఫోన్లో నూటపాతిక నంబర్లు బ్లాక్ అయ్యాయి. ఫోన్లు మాత్రం తగ్గలేదు. ఎందుకంటే బ్లాక్ చెయ్యడం వల్ల ఆ నంబరు ఆ ఒక్క ఫోనుకే రాదు. అదే నంబరు పక్కింటికి వెళ్తుంది. పక్కింటివాళ్లు బ్లాక్ చేసిన నంబరు మనింటికి వస్తుంది. తెల్లారితే కొత్త నంబరు! 'ఫోన్లో బ్లాక్ చేసి ఊరుకోకండి, ఫిర్యాదు చెయ్యండి' అని ట్రాయ్ పదేపదే చెబుతున్నది ఇందుకే.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది? 2025 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనలు దాని విలువని అమాంతం పెంచేశాయి. రిజిస్టర్ చేసుకోకుండా మామూలు నంబర్ల నుంచి ఫోన్లు చేసేవారిమీద చర్య మొదలవ్వాలంటే అంతకుముందు వారం రోజుల్లో పది ఫిర్యాదులు రావాలి. ఇప్పుడు పదిరోజుల్లో ఐదు చాలు. అంతకుముందు ఆపరేటర్‌కి 30 రోజుల గడువుండేది. ఇప్పుడు ఐదు రోజుల్లోనే చర్య తీసుకోవాలి. ఫోను వచ్చిన మూడు రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యాలన్న షరతు ఏడు రోజులకి పెరిగింది. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు... ఫిర్యాదు చెయ్యడానికి డీఎన్‌డీలో పేరు ఉండి తీరాలన్న నియమం పోయింది. ఎవరైనా చెయ్యొచ్చు.

తప్పు రుజువైతే మొదటిసారి ఆ సంస్థ ఫోన్ల నుంచి బయటికి వెళ్లే కాల్స్ 15 రోజులు బంద్. మళ్లీ చేస్తే ఆ సంస్థ కనెక్షన్లన్నీ ఏడాదిపాటు కట్. పేరు బ్లాక్‌లిస్టులోకి. ఆ సంస్థకి మరే ఆపరేటరూ కొత్త కనెక్షన్ ఇవ్వకూడదు. ఫోనుతోనే బతికే కంపెనీకి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది! ఫిర్యాదుల లెక్కల్ని తప్పుగా చూపించే ఆపరేటర్లనీ వదల్లేదు. మొదటిసారి రూ.2 లక్షలు, రెండోసారి రూ.5 లక్షలు, ఆపైన ప్రతిసారీ రూ.10 లక్షలు జరిమానా.

ఇదంతా మాటలకే పరిమితం కాలేదు. 2024 ఆగస్టులో ట్రాయ్ గట్టిగా ఆదేశించాక, కొద్ది వారాల్లోనే ఆపరేటర్లు 2.75 లక్షలకు పైగా కనెక్షన్లు పీకేశారు. యాభై సంస్థలు బ్లాక్‌లిస్టులో చేరాయి. గడిచిన ఏడాది కాలంలో 21 లక్షలకు పైగా నంబర్లు రద్దయ్యాయని 2025 నవంబరులో ట్రాయ్ ప్రకటించింది. వాటి వెనకున్నది జనం చేసిన ఫిర్యాదులే.

ఫిర్యాదు చెయ్యడానికి మూడు దారులున్నాయి. ఒకటి, 1909కి ఫోన్ చెయ్యడం. రెండు, అదే నంబరుకి ఎస్సెమ్మెస్ పంపడం. విషయం క్లుప్తంగా, ఫోను ఎవరి నంబరు నుంచి వచ్చింది, ఏ తేదీన... ఈ మూడూ రాస్తే సరిపోతుంది. మూడు, ట్రాయ్ డీఎన్‌డీ యాప్. కాల్ జాబితాలోంచి నంబరుని ఎంచుకుంటే మిగతా పని అదే చూసుకుంటుంది. 2016లో ఈ యాప్ వచ్చినప్పుడు ఓ పెద్ద గొడవే నడిచింది. కాల్ జాబితాని వేరే యాప్ చూడటం వినియోగదారుల గోప్యతకి భంగమంటూ ఆపిల్ సంస్థ ఐఫోన్లలోకి దాన్ని రానివ్వలేదు. గోప్యత కాపాడే యాప్‌కి గోప్యతే అడ్డొచ్చింది! ఆ పేచీ 2018లోగానీ తెగలేదు.

డీఎన్‌డీలో నమోదూ ఇదే యాప్‌లోనో, 1909 ద్వారానో, ఆపరేటర్ సొంత యాప్‌లోనో చేసుకోవచ్చు. ఎనిమిది విభాగాల్లో కావాల్సింది ఉంచుకుని మిగతావి ఆపొచ్చు. పిల్ల చదువు కోసం కాలేజీల సమాచారం కావాలనుకునేవారు 'విద్య'ని వదిలి మిగిలినవి కట్టెయ్యొచ్చన్నమాట. ఏ రోజుల్లో, ఏ వేళల్లో రావచ్చో కూడా చెప్పొచ్చు. ఓటీపీలకీ బ్యాంకు సమాచారానికీ దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

చిరాకు వేరు... మోసం వేరు

అప్పు అంటగట్టే ఫోను వేరు, ఖాతా ఖాళీ చేసే ఫోను వేరు. రెండోది ఏ జాబితాకీ లొంగదు. ఇంకా విడ్డూరమేంటంటే, మోసగాళ్లు ఇప్పుడు కాపలాదారు పేరునే వాడుకుంటున్నారు. 'ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం. మీ నంబరుమీద ఫిర్యాదులొచ్చాయి. రెండు గంటల్లో మీ ఫోన్ ఆగిపోతుంది. తొమ్మిది నొక్కండి' అంటుంది ఓ గొంతు. నొక్కితే 'పోలీసు' వస్తాడు, ఆధార్ అంటాడు, కేసంటాడు, చివరికి డబ్బంటాడు. ఏ నంబరు ఆగిపోతుందనీ ట్రాయ్ ఎవరికీ ఫోన్ చెయ్యదు. ఈ సంగతి ఆ సంస్థే ఎన్నోసార్లు స్పష్టం చేసింది.

ఇలాంటి అనుమానపు పిలుపు వస్తే, డబ్బు పోకపోయినా సరే, టెలికాం శాఖ నడుపుతున్న సంచార్ సాథీలోని 'చక్షు' విభాగంలో తెలియజెయ్యొచ్చు. 2024 మార్చిలో దీన్ని ప్రారంభించారు. డబ్బు పోయిందా? ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చెప్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ మోసగాళ్ల పని సులువవుతున్నది కూడా ఆ ప్రచారపు ఫోన్ల వల్లే. రోజుకి నాలుగైదు అపరిచిత గొంతులకి అలవాటుపడిన చెవికి, ఆరోది దొంగదని పట్టుకోవడం కష్టం. అందుకే ఈ రొద తగ్గడం ఒక్క ప్రశాంతతకే కాదు, ఇంటి భద్రతకీ అవసరం.

ఆ ఐదుగురిలో ఒకరు

మాస్టారు ఇప్పుడు బ్లాక్ చెయ్యడం మానేశారు. ఫోను పక్కనే ఓ పాత డైరీ పెట్టుకున్నారు. అక్కర్లేని ఫోను రాగానే నంబరూ తేదీ రాస్తారు. సాయంత్రం కాఫీ తాగుతూ 1909కి పంపేస్తారు. అపార్ట్‌మెంట్‌లో వాకింగ్ మిత్రులకీ అదే నేర్పారు. 'ఐదుగురు చేస్తే చాలటండీ, మనం ఆరుగురం ఉన్నాం' అన్నది ఆయన లెక్క. ఫోన్లు పూర్తిగా ఆగిపోయాయా అంటే, లేదు. కానీ రోజుకి అయిదారొచ్చేవి వారానికి రెండు మూడుకి తగ్గాయి. తెలియని నంబరు మోగితే మళ్లీ ధైర్యంగా ఎత్తుతున్నారు.

అలా ఎత్తబట్టే మొన్న ఆస్పత్రి ఫోను దొరికింది. 'వచ్చే బుధవారం మేడమ్‌గారిని తీసుకుని రండి సార్' అన్నారు. ఆవిడకి ఆ మాట చెబుతుండగానే మళ్లీ మోగింది.

'సార్, మీకు ఐదు లక్షల లోన్...'

'ఒక్క నిమిషం ఉండమ్మా' అన్నారు మాస్టారు డైరీ అందుకుంటూ. 'ఇవాళ తేదీ ఎంత?'